ఎంచుకొను: చెప్పినది కళ్ళజోళ్ళ అమ్మాయి

ఆ మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపులో పండు ఓపికని ఇద్దరు మనుషులు చెరోవైపు నుంచీ పరీక్షిస్తున్నారు.

మొదటివారు ఒక తాతగారు. గంటన్నర నుంచీ అద్దం ముందు కూర్చుని కళ్ళజోడు ఫ్రేములు పెట్టుకుంటున్నారు, తీస్తున్నారు. ఒకటి మరీ గుండ్రంగా ఉందట. ఇంకోటి మరీ కుర్రతనంగా ఉందట. మూడోది పెట్టుకుంటే చిన్నప్పటి హెడ్మాస్టరు గుర్తొచ్చి భయమేస్తోందట. పక్కనే వాళ్ళావిడ, మామ్మగారు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

రెండోవాడు మూల కుర్చీలో ఉన్న కుర్రాడు. వచ్చి అరగంటైంది. "ఏం కావాలండీ?" అని అడిగితే, "ముందు వాళ్ళది కానివ్వండి" అన్నాడు. కానివ్వమనడం బాగానే ఉంది. మధ్యమధ్యలో పండు వంక చూడటం, తల దించుకుని ఏదో రాసుకోవడం ఎందుకట!

అతని కళ్ళజోడు చూస్తే మాత్రం పండుకి జాలేసింది. ఎడమవైపు కాడ విరిగితే దారం చుట్టి నిలబెట్టాడు. ఆ దారమైనా కాస్త నల్లది చూసుకోకూడదూ? ఎర్రది!

"అమ్మాయ్, ఇక నా వల్ల కాదు. ఏది తీసుకోమంటావో నువ్వే చెప్పు," అని తాతగారు చేతులెత్తేశారు.

"నే చెప్తా వినండి తాతగారూ," అంది పండు. "కళ్ళజోడు ఎంచుకునేటప్పుడు అద్దంలో చూడకూడదు. పక్కనున్న మామ్మగారి మొహం చూడాలి. మీ ముక్కు మీద కూర్చున్నది మీకెలాగూ కనబడదు. రోజంతా చూడాల్సింది ఆవిడే కదా!"

తాతగారు అద్దం వదిలేసి ఆవిడ వైపు తిరిగారు. ఒక్కొక్కటే పెట్టుకున్నారు. నాలుగోదానికి మామ్మగారి పెదవి ఓ పక్కకి కదిలింది. అది నవ్వని గట్టిగా అనలేం గానీ, నవ్వుకి దగ్గరి చుట్టమే. "ఇదే!" అన్నారు తాతగారు. గంటన్నర తెగనిది రెండు నిమిషాల్లో తెగిపోయింది.

మూల కుర్చీలో పెన్ను పరుగెత్తింది.

ఇక పండు ఊరుకుంటుందా? పెద్దవాళ్ళిద్దరినీ గుమ్మం దాకా సాగనంపి, నేరుగా మూలకి వెళ్ళి చెయ్యి చాపింది. "ఇవ్వండి."

"ఏమిటండీ?"

"ఆ కాగితం. ఎదురు షాపువాళ్ళు పంపారా మిమ్మల్ని? నేను కస్టమర్లతో ఏం మాట్లాడతానో రాసుకెళ్ళి అక్కడ అప్పజెప్తారా?"

"అయ్యయ్యో, కాదండీ..."

అతని మాట పూర్తయ్యేలోపే ఆమె లాక్కుంది. అది కాగితం కాదు, అరచేతంత కార్డు. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలు:

*ఎంచుకొను. "కళ్ళజోడు ఎంచుకునేటప్పుడు అద్దంలో చూడకూడదు." చెప్పినది: కళ్ళజోళ్ళ అమ్మాయి. ఎవరితో: ముసలాయనతో. రాసుకున్నవారు చెప్పించినది కాదు.*

"ఏమిటిది? పోలీసు రిపోర్టా?"

"నిఘంటువండీ," అన్నాడు అతను, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "రెండు వీధుల అవతల మా ఆఫీసు. మాటలకి అర్థాలు రాస్తాం. ప్రతి అర్థం కిందా ఒక వాక్యం ఉండాలి. అది మేం కుర్చీలో కూర్చుని కల్పిస్తే చెల్లదు. నిజంగా ఎవరో ఒకరు అనుండాలి. మేం అడిగి అనిపించినా చెల్లదు, ఊరికే వినాలంతే. నా వంతుకి 'ఎంచుకొను' వచ్చింది. మనుషులు పొద్దస్తమానం ఎంచుకునే చోటు ఎక్కడుందా అని వెతికాను. చెప్పుల షాపులో ఒకరోజు కూర్చున్నాను గానీ, అక్కడ 'కరుస్తోంది', 'కరవట్లేదు' తప్ప వేరే మాట వినబడదు."

పండుకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తేలక అలాగే నిలబడింది. ఈలోపు వెనక గదిలో లెన్సులు అరగదీస్తున్న బాబాయి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. షాపు బాబాయిది, కౌంటరు పండుది. పండు అన్నది కూడా బాబాయి పెట్టిన ముద్దుపేరే. సంగతి విని ఆయన పొంగిపోయాడు.

"మన షాపు మాటలు పుస్తకంలోకి ఎక్కుతాయా! కూర్చోవయ్యా, రోజూ వచ్చి కూర్చో. కుర్చీ ఏమన్నా అరిగిపోతుందా! పండూ, అబ్బాయికి టీ చెబుదామా, కాఫీనా?"

"మీ ఇష్టం బాబాయ్," అంది పండు.

అతను ఆ మాట కూడా రాసుకున్నాడు. పండు చూసింది గానీ పట్టించుకోలేదు.

* * *

అలా కార్డులబ్బాయి రోజూ నాలుగింటికి రావడం మొదలుపెట్టాడు. ఆ పేరు పండు పెట్టిందే. ఊరికే కూర్చుంటే బాగోదని ఫ్రేములు చూస్తున్నట్టు నటించేవాడు. అందులో ఒక చిక్కుంది. షాపులో పెట్టి చూసుకునే ఫ్రేముల్లో ఉండేవి ఉత్త ప్లాస్టిక్ బిళ్ళలు, వాటికి పవరుండదు. అతనికేమో కళ్ళజోడు తీస్తే ఎదుటి మనిషి పొగమంచే. తనది తీసి కొత్తది పెట్టుకోగానే అద్దంలో మొహం మాయమైపోయేది.

"ఎలా ఉందండీ?" అని అడిగేవాడు.

"నన్నడుగుతారేం? అద్దం అక్కడుంది."

"నాకు అద్దమూ కనబడట్లేదు, అందులో నేనూ కనబడట్లేదు."

"అదృష్టవంతులు!"

"సరే, ఇది?"

"గుడ్లగూబ పెళ్ళికి బయల్దేరినట్టుంది."

"ఇది?"

"ఇది బాగుంది. పాపం, ఫ్రేము చేసుకున్న తప్పేమీ లేదు."

తన మాటలు పుస్తకంలోకి వెళ్తున్నాయని తెలిశాక మనిషికి ఊపిరాడుతుందా? ఒకరోజు పండు గొంతు సవరించుకుని, "మనిషి తన జీవన మార్గాన్ని తానే ఎంచుకోవాలి కదా బాబాయ్!" అంది, అతనికి వినబడేలా. లోపల్నుంచి బాబాయి, "ఏమైందే, జ్వరమా?" అని అడిగాడు. కార్డులబ్బాయి పెన్నుకి మూత పెట్టేశాడు. "చెల్లదండీ. అది నా కోసం అన్నది."

మూడో వారంలో ఒకరోజు వాన పట్టుకుంది. వీధిలో పిట్టమనిషి లేడు. గాజు తలుపు మీద చినుకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ జారుతున్నాయి.

"ఒక్క మాటకి ఇన్ని కార్డులెందుకు?" అంది పండు. "ఎంచుకోవడం అంటే ఎంచుకోవడమేగా!"

అతని మొహం వెలిగిపోయింది. మాటల గురించి ఎవరైనా అడిగితే అతనికి ఆకలి కూడా గుర్తుండదు. "అంతేనా? 'ఎంచు' అంటే ముందు లెక్కపెట్టడమండీ. వేళ్ళ మీద ఎంచదగినవాళ్ళు అంటాం చూడండి. తర్వాత తప్పులెంచడం. ఆ తర్వాత, ఒక మనిషిని మనసులో ఒకలా అనుకోవడం. 'నన్ను మీవాడిగా ఎంచండి' అంటారే, అదీ. ఇవన్నీ అయ్యాక ఎంచుకోవడం."

"అమ్మో, పెద్ద పనే."

"అన్నిటికీ వాక్యాలు దొరికాయి. ఒక్కటే దొరకలేదు. ఇన్ని రోజుల్లో ఈ షాపులో ఎవ్వరూ 'ఇది నేను ఎంచుకున్నాను' అని తమ కోసం తాము అనలేదు. 'ఇది బాగుందంటారా?' అంటారు, 'మావాడు ఇదే తీసుకోమన్నాడు' అంటారు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది."

పండు వాన వైపు తిరిగింది. "నా దగ్గరా దొరకదులెండి. ఊరందరికీ ఎంచి పెడతాను గానీ, 'నీకేం కావాలే' అని నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చదువు వాళ్ళే చూశారు, కౌంటర్లో వాళ్ళే కూర్చోబెట్టారు."

అతను ఏదో అనబోయి మానేశాడు. వాన తగ్గేదాకా చల్లారిన టీ గ్లాసుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాతే పండుకి ఒక సంగతి తెలిసొచ్చింది. అతని రాకల్ని తను లెక్కపెడుతోంది. ఒకరోజు లెక్క డెబ్బై రెండు దాకా వచ్చింది. తప్పులూ ఎంచింది. జేబుకి ఎప్పుడూ ఇంకు మరక ఉంటుంది. టీ వేడిగా ఉన్నప్పుడు తాగడు. ఆ ఎర్ర దారం మార్చడు. ఒక్క తప్పు మీదా కోపం రాలేదు. పైగా నాలుగైనా అతను రాకపోతే ఆమె స్క్రూడ్రైవరు చేతిలో పెట్టుకుని స్క్రూడ్రైవరు కోసమే వెతికేది.

* * *

ఒక గురువారం బాబాయి తాళాల గుత్తి ఆడించుకుంటూ వచ్చాడు.

"పండూ, కొత్త బ్రాంచికి షాపు కుదిరింది. ఇక్కణ్ణుంచి ఎనిమిది గంటల ప్రయాణం. ఉండటానికి ఇల్లు కూడా చూశాను. సోమవారం నుంచి అక్కడ నువ్వు చూసుకుంటావా? ఏమంటావ్?"

"మీ ఇష్టం బాబాయ్," అంది పండు నోరు.

నోరే అంది. గుండె మాత్రం గుభేలుమంది. బాబాయి సంతోషంగా వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. పండు మూల కుర్చీ వైపు చూసింది. కార్డులబ్బాయి ఒక ట్రయల్ ఫ్రేము పెట్టుకుని ఉన్నాడు. సైజు చీటీ చెవి పక్కన వేలాడుతోంది. ఒక్క మాట అంటే చాలు. 'వెళ్ళొద్దు' అంటే చాలు.

"విన్నారా?" అంది.

"విన్నానండీ."

"రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

"ఇంకేం అనరా?"

అతను పెన్నుకి మూత పెట్టాడు. "నేనేం అనకూడదండీ."

"ఓహో! మీరంటే చెల్లదు కాబోలు! మీకు కావలసింది మాటలు. ఆ మాటలనే మనిషి ఏ గంగలో దూకినా మీకేం?" పండు గొంతు వణికింది. అది అతనికి తెలియకూడదని ఇంకాస్త పెంచింది. "ఇక మా గడప తొక్కకండి!"

అతను లేచాడు. స్టూలుకి కాలు తగిలింది. అద్దం స్టాండుకి భుజం తగిలితే, "సారీ అండీ" అని దానికే చెప్పి వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాక పండు కౌంటరు మీద చూసింది. ఎర్ర దారం కళ్ళజోడు అక్కడే ఉంది! ఆ మనిషి పవరు లేని ట్రయల్ ఫ్రేముతో, సైజు చీటీతో సహా రోడ్డెక్కేశాడు.

* * *

శుక్రవారం నాలుగైంది, ఐదైంది. అతను రాలేదు. గడప తొక్కొద్దంటే నిజంగానే తొక్కడు కాబోలు, మొద్దు!

శనివారం పండు ఆ ఎర్ర దారం విప్పి, కొత్త కాడ వేసి, స్క్రూ బిగించి, అద్దాలు తుడిచింది. దారం పారేయబుద్ధి కాలేదు. చుట్టచుట్టి కళ్ళజోడు డబ్బాలోనే పెట్టింది. జోడు ఇచ్చేసి రావడానికే వెళ్తున్నానని తనకి తనే మూడుసార్లు చెప్పుకుని బయల్దేరింది.

నిఘంటువు ఆఫీసంటే మేడ మీద పెద్ద హాలు. నేల నుంచి కప్పు దాకా సొరుగులే. ఒక్కో సొరుగు మీద ఒక్కో అక్షరం. ముందు బల్ల దగ్గర పెద్ద మేడం కూర్చునుంది. జుట్టుముడిలో ఒక పెన్సిల్, మెడలో రెండు కళ్ళజోళ్ళు.

"'ఎంచుకొను' రాసే ఆయన ఉన్నారాండీ?"

"'ఎంచుకొను'నా?" పెద్ద మేడం నవ్వింది. "ఆ మాట మూసేసి రెండు నెలలు దాటిందమ్మా. ఒక గడికి వాక్యం దొరక్కపోతే ఖాళీగానే మూసేశాం. ఇప్పుడు అతను 'క'లో ఉన్నాడు."

"రెండు నెలలా? మరి రోజూ నాలుగింటికి..."

"రిజిస్టర్లో 'కళ్ళజోడు పని' అని రాసి వెళ్తాడు. ఒక్క కళ్ళజోడుకి మూడు నెలలు పడుతుందా, నువ్వే చెప్పు?" ఆవిడ పండు చేతిలో డబ్బా చూసింది, పండు మొహం చూసింది. ఇంకేం అడగలేదు. "లోపలి గదిలో ఉన్నాడు. రెండు రోజులుగా కార్డులకి మొహం అంటించి చదువుతున్నాడు. ముక్కుకి ఇంకు అంటింది, చెప్పకు."

పండు మెల్లగా లోపలికి వెళ్ళింది. అతను నిజంగానే ఆ ట్రయల్ ఫ్రేముతోనే ఉన్నాడు. చీటీ ఇంకా వేలాడుతోంది. అడుగుల చప్పుడుకి తలెత్తి, గుమ్మంలో ఉన్న మసక ఆకారంతో అన్నాడు:

"మేడం, ఆ 'మీ ఇష్టం' కార్డులు మాత్రం పారేయకండి. పుస్తకంలోకి రావని తెలుసు, నేనే ఉంచుకుంటాను."

'నేను మేడంని కాదు' అనబోయింది పండు. అతను ఆ సందివ్వలేదు.

"మీరు తిట్టింది నిజమే, వెళ్ళొద్దని అడిగి ఉండాల్సింది. కానీ ఆ అమ్మాయి ఏమంటుందో నాకు తెలుసు కదా మేడం. 'మీ ఇష్టం' అంటుంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా అన్నా అదే అంటుంది. పదిహేడు కార్డులున్నాయి, ఒక్కదాంట్లోనైనా వేరే జవాబు లేదు. ప్రేమతో అందో, మొహమాటానికి అందో తెలియకుండా జన్మంతా ఎలా బతకను? నాకు ఆమె అంటే ప్రాణం మేడం."

పండుకి బల్ల మీద రబ్బరు బ్యాండు వేసిన కట్ట కనిపించింది. తీసి చదివింది.

*బాబాయి: "టీ చెబుదామా, కాఫీనా?" ఆమె: "మీ ఇష్టం బాబాయ్."*

*బాబాయి: "కౌంటరుకి ఏ రంగు వేయిద్దామే?" ఆమె: "మీ ఇష్టం."*

*అమ్మ (షాపుకి వచ్చి): "పుట్టినరోజుకి నీకేం కావాలే?" ఆమె: "నీ ఇష్టం అమ్మా."*

*బాబాయి: "కళ్ళ పరీక్షల కోర్సు చేస్తానంటే చెయ్యి, కౌంటరు నేను చూసుకుంటాను. చేస్తావా?" ఆమె: "మీ ఇష్టం బాబాయ్."*

ఆ చివరిది పండు రెండోసారి చదివింది. ఆ రోజు గుర్తుంది. తను ఏదో స్క్రూ బిగిస్తోంది, తలెత్తను కూడా లేదు. నన్నెవరూ అడగలేదు, అడగలేదు అని ఇన్నేళ్ళూ లోపల్లోపల కుమిలిపోయింది. మూడు నెలల్లోనే పదిహేడుసార్లు అడిగారు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఆ వెంటనే, ఎందుకో, ఒళ్ళంతా తేలికైపోయింది.

ఖాళీ కార్డు ఒకటి తీసుకుంది, అతని పెన్నే తీసుకుంది, రాసి అతని ముక్కు ముందు పెట్టింది. అతను దగ్గరికి లాక్కుని చదివాడు.

*ప్రాణం. "నాకు ఆమె అంటే ప్రాణం." చెప్పినది: కార్డులబ్బాయి. ఎవరితో: పెద్ద మేడం అనుకుని. రాసుకున్నవారు చెప్పించినది కాదు.*

అతను బిగుసుకుపోయాడు. పండు ఆ ట్రయల్ ఫ్రేము తీసేసి, అతని కళ్ళజోడు అతనికి పెట్టింది.

"మీరా!"

"నేనే. చెల్లుతుందా?"

"చెల్లు... చెల్లుతుందండీ."

"నాకు ఇప్పుడు షాపులో పనుంది. ఈ ఫ్రేము మాది. ఐదింటికి తెచ్చి అప్పజెప్పండి," అని అదే ఫ్రేముని మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

"గడప తొక్కొద్దన్నారుగా?"

"తొక్కొద్దన్నాను, దాటొద్దన్నానా?"

* * *

"బాబాయ్, నేను కొత్త బ్రాంచికి వెళ్ళను," అంది పండు, షాపులో అడుగు పెడుతూనే.

అరగదీసే చక్రం ఆగింది. "వెళ్ళవా?"

"వెళ్ళను. నాకు ఈ షాపే కావాలి. ఆ కళ్ళ పరీక్షల కోర్సు ఇక్కడే ఉండి చేస్తాను. ఇంకో మాట, కౌంటరుకి వేయించిన ఆ బూడిద రంగు నాకు అస్సలు నచ్చలేదు."

బాబాయి లెన్సు పక్కన పెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు. కసురుతాడేమో అనుకుంది. ఆయన పగలబడి నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! ఆ రంగు నాకు మాత్రం నచ్చిందా? నువ్వేదో ఒకటి చెప్తావని రెండు వారాలు ఆగాను. నువ్వు 'మీ ఇష్టం' అంటావు, మీ అమ్మేమో 'దానికి అదే ఇష్టమేమో' అంటుంది. నీ మనసులో ఏముందో కనబడటానికి ఏ పవరు లెన్సు పెట్టుకోవాలో తెలియక చచ్చాం కదే!"

"మరి బ్రాంచి?"

"మీ పిన్ని ఎప్పట్నుంచో నేను చూసుకుంటానని గొడవ. నీ అవకాశం లాగేసినట్టవుతుందని నేనే ఆపాను."

పండు బాబాయి భుజం మీద తల పెట్టింది. ఆయన తల నిమిరాడు.

ఐదింటికి చినుకులు మొదలయ్యాయి. కార్డులబ్బాయి తడుస్తూ వచ్చి, గడప ముందు ఆగి, కాలు మోకాలెత్తు ఎత్తి జాగ్రత్తగా దాటాడు.

"రావయ్యా. నిన్నటి నుంచీ నీ కుర్చీ బెంగ పెట్టుకుంది," అన్నాడు బాబాయి.

"ఈ వేళైనా ఒకటి ఎంచుకోండి," అని పండు ట్రే ముందు పెట్టింది. అతను తన కళ్ళజోడు తీసి కొత్త ఫ్రేము పెట్టుకున్నాడు. అద్దం వైపు తిరగలేదు, ఆమె వైపు తిరిగాడు.

"కనబడుతోందా?" అంది.

"మసగ్గా ఉందండీ. కాస్త ముందుకి జరగొచ్చా?"

బాబాయి దగ్గాడు. "కాస్తే!"

అతను జానెడు దూరం దాకా వంగి ఆమె మొహమే చూస్తూ ఫ్రేములు మార్చాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి పండు పెదవి ఓ పక్కకి కదిలింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు.

"ఇదే," అన్నాడు అతను.

"కార్డు తియ్యండి," అంది పండు. మొహం ఎర్రబడింది గానీ గొంతు తడబడలేదు. "మీరు అడగలేదు. మీరు చెప్పించలేదు. బాబాయే సాక్షి. నేను ఈయన్ని ఎంచుకున్నాను."

కార్డులబ్బాయి చేతిలో పెన్ను కదలడం లేదు.

"ఏమయ్యా, రాసుకోవేం?" అన్నాడు బాబాయి, కళ్ళు ఒత్తుకుంటూ.

"ఆ మాట మూసేశామండీ," అన్నాడు అతను బొంగురు గొంతుతో. "కొత్త కార్డులు తీసుకోరు."

"తీసుకోకపోతే మీరే ఉంచుకోండి," అంది పండు.

అప్పుడు రాసుకున్నాడు. పవరు లేని ఫ్రేములోంచి అక్షరాలు కనబడక వంకరటింకరగా రాశాడు. రాసి, ఆ కార్డుని ఇంకు మరక ఉన్న జేబులో పెట్టుకుని, పైన చెయ్యి వేసుకున్నాడు.

"మీ అమ్మకి ఈ సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పు. నీ నోటితో వింటే మురిసిపోతుంది," అన్నాడు బాబాయి. గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. "ఇంతకీ టీ చెప్పనా, కాఫీనా?"

"కాఫీ," అంది పండు వెంటనే. "చక్కెర తక్కువ."

బాబాయి గొడుగు సగం తెరిచి ఆగిపోయాడు. "ఇన్నేళ్ళూ నీకు టీ పోయించానా!"